గోడ అవతలి పసిబిడ్డలు

పోయిన ఆదివారం మా కతోలిక గుడిలో ఒక జ్ఞానస్నానానికి వెళ్లొచ్చాను, వచ్చినప్పటి నుంచి మనసు ఒక దగ్గర నిలవడం లేదు. పిల్లవాడికి ఏడాది నిండబోతోంది. పెదనాన్న దుబాయ్ నుంచి రావాలని ఒకసారి, ఫంక్షన్ హాలు దొరకలేదని ఒకసారి, ఎండలు ముదిరాయని ఇంకోసారి వాయిదా వేసుకుంటూ వచ్చారట. వాడేమో తన కాళ్ల మీద తానే నిలబడి, తల మీద నీళ్లు పోయబోయిన స్వామి చేతిలోని చెంబును లాక్కోబోతే గుడి గుడంతా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత బిర్యానీ తింటూ పక్కన కూర్చున్న వాళ్ల నానమ్మను, ఇన్ని నెలలు ఎలా ఆగారమ్మా, భయం వెయ్యలేదా అని అడిగితే, ఆమె ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, దేనికి భయం అంది. ఆమెకు నిజంగానే తెలియదు. ఆ తెలియకపోవడం మంచిదే, అలాగే ఉండాలి కూడా. కానీ చెయ్యి కడుక్కుంటూ ఉంటే నాకు ఎవరి మీదనో చెప్పలేని కోపం వచ్చింది. మా ఇళ్లల్లో తరాల తరబడి ఆడవాళ్ల గుండెల మీద కూర్చున్న భయం ఒకటి ఎప్పుడో లేచి వెళ్లిపోయింది, వెళ్లిపోయిందని మాత్రం ఎవరికీ కబురు చెయ్యలేదు.

నా వయసు వాళ్లకు ఆ భయం కొత్తగా చెప్పక్కర్లేదు. జ్ఞానస్నానం కాకుండా చనిపోయిన పసిబిడ్డకు జన్మపాపం పోదు, పాపం పోనిదే మోక్షం లేదు, అలాగని ఏ తప్పూ చెయ్యని పసివాడు నరకానికీ పోడు, అటూ ఇటూ కాని అంచున, నొప్పీ వెలుగూ లేని ఒక జాగాలో, దేవుని ముఖం చూడకుండా ఉండిపోతాడని మాకు చిన్నప్పుడు చెప్పారు. చెప్పినవాళ్లు కఠినులేం కారు, వాళ్లకు వాళ్ల పెద్దలు చెప్పింది వాళ్లు మాకు చెప్పారు. అందుకే మా పల్లెల్లో బిడ్డ పుట్టిన వారానికే వానా ఎండా చూడకుండా గుడికి ఎత్తుకుపోయేవాళ్లు. గుడి చేరకముందే పోయిన బిడ్డల సంగతి ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. వాళ్లను ఊరి సమాధులుండే బొందలగడ్డలో పెట్టేవాళ్లు కాదు, గోడ అవతల పెట్టేవాళ్లు. గంట కొట్టరు, సిలువ నాటరు, పేరు కూడా ఉండదు, ఎందుకంటే పేరు పెట్టేది జ్ఞానస్నానం రోజే.

అలాంటిదే ఒకటి తెలంగాణ వచ్చిన కొత్తలో మా చెల్లె ఇంట్లో జరిగింది. అంతకన్నా ముందు నా డిగ్రీ సంగతి చెప్పాలి. చెప్పకుండా ఉండలేను, ఇప్పటికీ ఎవరైనా ఏం చదివావమ్మా అని అడిగితే నా గొంతు నాకు తెలియకుండానే ఒక మెట్టు పైకెక్కుతుంది. మా తాత దొర దగ్గర జీతగాడు, మా బాపు చౌటుప్పల్ దగ్గర మందుల కంపెనీలో డ్రమ్ములు కడిగేవాడు, మా ఇంట్లో పది దాటిన మొదటిదాన్ని నేనే, పది కాగానే పెళ్లి. అంగన్‌వాడీ టీచరు కొలువు దొరికాక, పిల్లలు అన్నం తిని పడుకున్న వేళ గోడకు ఒరిగి చదివి ఇంటరు, ఆ తర్వాత దూరవిద్యలో డిగ్రీ కట్టాను. ఆదివారం ఆదివారం నల్లగొండకు క్లాసులకు పోయేదాన్ని. పూజకు రావడం లేదని మా ఉపదేశి ఇంటి ముందుకు వచ్చి మరీ అడిగేవాడు. స్వామి లేని రోజుల్లో ప్రార్థన నడిపించేది, పిల్లలకు జపాలు నేర్పేది ఆయనే కాబట్టి ఆయన మాటంటే ఊరికి శాసనం.

నేను చివరి ఏడాది పరీక్షలు రాస్తుండగా చెల్లెకు తొలుచూరు మగపిల్లవాడు పుట్టాడు. పుట్టగానే వాళ్ల అత్త గుడికి తీసుకుపోదామంది. చెల్లె ససేమిరా అంది. జ్ఞానస్నానంలో బిడ్డను ఎత్తుకుని నిలబడే జ్ఞానతల్లిగా నేను ఉండాలని దాని పట్టు, అదీ నా పరీక్షలయ్యాకే అని ఇంకో పట్టు. నేను ఒక ఆదివారం వచ్చి నిలబడి పోతానన్నా వినలేదు.

"డిగ్రీ చదివిన జ్ఞానతల్లి మన ఇండ్లల్ల ఎవ్వలకన్న ఉన్నదా అక్కా? గా పరీక్షలేవో కానియ్యి, దర్జాగ చేసుకుందం" అంది.

దాని సంబరం చూసి అందరం ఊరుకున్నాం. జ్ఞానతల్లి తేవలసిన తెల్లచొక్కా, టోపీ నల్లగొండలోనే కొని పెట్టాను. ఇంకా పరీక్షలు మిగిలి ఉండగానే పిల్లవాడికి జ్వరం వచ్చి పాలు పట్టడం మానేశాడు. మొదట చిన్న దవాఖానకు తీసుకుపోయారు, వాళ్లు పట్నం తీసుకుపొమ్మన్నారు, అంబులెన్సు ఎక్కించారు. పట్నం చేరకముందే, హైవే మీదే, వాడు చెల్లె ఒళ్లోనే పోయాడు. ఆపద వేళ స్వామి అక్కర్లేదు, ఎవరైనా సరే నీళ్లు పోసి నాలుగు మాటలంటే జ్ఞానస్నానం అయినట్టేనని మా కతోలిక తిరుసభలో నియమం ఉంది. అది చెల్లెకు తెలియదు, పక్కనే కూర్చున్న దాని పెనిమిటికీ తెలియదు. దారి పొడుగునా చెల్లె చేతిలో నీళ్ల సీసా ఉంది.

ఆ సీసా మాట దాని అత్త ఎన్నేళ్లు అన్నదో చెప్పలేను. బిడ్డను బొందలగడ్డకు తీసుకుపోయిన రోజు నేను కొన్న తెల్లచొక్కా తొడుగుదామంటే, అది జ్ఞానస్నానం అయిన బిడ్డలకే అని ఉపదేశి అడ్డం వచ్చాడు. పాత చీర ముక్కలో చుట్టి, గోడ అవతల, ఎవరిదో పట్టా చెల్క భూమిలో రేగుకంప పక్కన పెట్టారు. ప్రార్థన చెయ్యమంటే, లోపలి వాళ్లకు చేసే ప్రార్థన వీడికి వర్తించదన్నాడు. మా బాపు తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి కదా అన్నట్టు అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మట్టి కప్పేసి ఇంటికి వచ్చాం.

"పెద్దబిడ్డ డిగ్రీ కొరకు మనుమనికి మోక్షం లేకుంట చేసిండ్రు" అని దాని అత్త నీళ్ల ట్యాంకు దగ్గర అన్నదట. నా ముందు అనలేదు. నా ముందు ఆమె నన్ను బిడ్డా అనే పిలిచేది.

చెల్లె మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. అది ఏడవడం కూడా తగ్గించాక ఒకనాడు చిక్కుడుకాయలు తుంచుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"నేను సచ్చినంక గూడ వాన్ని సూడనా అక్కా?"

చరిత్ర, రాజనీతి, తెలుగు సాహిత్యం చదివినదాన్ని, అన్నింట్లో పాసయ్యే ధైర్యం ఉన్నదాన్ని, గిన్నెలోంచి ఒక చిక్కుడుకాయ తీసుకుని నేనూ తుంచడం మొదలుపెట్టాను.

ఫలితాలు వచ్చిన రోజు నల్లగొండ పోయాను. పాసయ్యాను, అదీ ఫస్టు క్లాసులో. ఆ కాగితం చేతికి వచ్చినప్పుడు బాపుకు ఫోన్ చేస్తే, వెనక డ్రమ్ముల చప్పుడులో ఆయన మూడుసార్లు ఏంది ఏంది అని అడిగి, నాలుగోసారి అర్థమయ్యి, నా బిడ్డ పాసయ్యిందని పక్కవాళ్లకు అరిచి చెప్పాడు. బస్సుకు ఇంకా సమయం ఉందని, నేను క్లాసులకు వచ్చినప్పుడల్లా ఇంత మజ్జిగ పోసి పంపే ఒక పెద్ద సిస్టరమ్మ మఠానికి వెళ్లాను. ఆమెది కేరళ, తెలుగు ఆమె నోట్లో వేరే రుచిగా ఉండేది. సంతోషం చెప్పుకోవడానికి పోయినదాన్ని, చెల్లె ప్రశ్న ఎలా బయటపడిందో తెలియదు, మొత్తం చెప్పేశాను.

ఆమె ఆశ్చర్యపోయింది. ఆ అంచు జాగా సంగతి తిరుసభ ఎన్నడూ విశ్వాస సత్యంగా ప్రకటించలేదని, అది పాతకాలపు పండితులు చిక్కుముడి విప్పలేక చేసుకున్న ఊహ అని, అటువంటి బిడ్డలను దేవుని దయకు అప్పగించి, వాళ్లకు రక్షణ ఉంటుందని ఆశ పెట్టుకోమనే తిరుసభ ఇప్పుడు చెబుతోందని, వాళ్ల భూస్థాపనకు ప్రార్థనలు కూడా ఉన్నాయని చెప్పింది. నాకు నమ్మబుద్ధి కాక మళ్లీ మళ్లీ అడిగాను. ఇది కొత్తగా వచ్చిన మాటా అంటే, మీ చెల్లె పెళ్లికి ముందు నుంచే ఉంది అంది.

ఆ రోజు బస్సులో నా సంబరం మీకు ఎలా చెప్పాలి? ఒళ్లో డిగ్రీ కాగితం, గుండెల్లో ఆ మాట. రెండు శుభవార్తలు మోసుకుని వస్తున్న మనిషికి బస్సు ఎంత మెల్లగా పోతుందో మోసినవాళ్లకే తెలుసు. కిటికీ పక్కన ఎవరో తెలియని ముసలాయనకు కూడా చెప్పేశాను, డిగ్రీ సంగతి మాత్రమే. ఇంటికి పోకుండా నేరుగా చెల్లె ఇంటికి పోయాను. గడప దాటకముందే మొదలుపెట్టి ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పాను. చెల్లె వింటూ వింటూ గోడకు ఆనుకుని కూలబడింది. వాళ్ల అత్త బియ్యం చాట చేతిలో పట్టుకుని చివరిదాకా విని, నవ్వింది.

"గిది గూడ ఉంటదా బిడ్డా నీ డిగ్రీల? దీంట్ల ఎన్ని మార్కులొచ్చినయి?"

ఉపదేశి దగ్గరికి పోతే ఆయన ఇంకో మెట్టు పైనుంచి మాట్లాడాడు. "మోక్షం కాడ నీ మెమో సూసి తల్పు తీస్తరా పంతులమ్మా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పట్నం మఠాల్లో ఏమైనా చెబుతారు, ఈ గుడి గోడ కట్టిన నాటి నుంచి ఉన్న పద్ధతి ఇది అన్నాడు. ఏ మాటకు ఎదురు ఏ మాట అనాలో రాత పరీక్షలో అయితే నాకు తెలుసు. చెప్పుల దగ్గర నిలబడి వాదించడం ఎవరూ నేర్పలేదు.

తిరిగి పోయేటప్పుడు చెల్లె నన్ను వాకిట్లోకి లాగి మెల్లగా అంది. "నువ్వు చెప్తే నాకు సాలు అక్కా. కని నువ్వు పోయినంక మల్ల ఆమె మాటనే ఇనాలె నేను. స్వామి చెప్పాలె. గుల్లె అందరు ఇనంగ చెప్పాలె."

సరే అన్నాను. ఆ సరే అన్న మాట తీరడానికి ఎన్నేళ్లు పట్టిందో తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు పటపటలాడతాయి.

అప్పుడున్న పెద్ద స్వామి మంచివాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, నేను చెప్పిందంతా నిజమేనన్నాడు. ప్రాణం లేచి వచ్చింది. అయితే ఆదివారం పూజలో చెప్పండి స్వామీ అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, ఇది అందరికీ చెబితే ఇక ఎవరూ పిల్లలను సమయానికి జ్ఞానస్నానానికి తీసుకురారనీ, ఇప్పటికే సగం మంది క్రిస్మస్‌కు తప్ప గుడి ముఖం చూడడం లేదనీ, సమయం చూసి చెబుతాననీ అన్నాడు. నవంబరులో సమాధుల పండుగ నాడు చెబుతానన్నాడు. ఆ పండుగకు గోడ లోపల ప్రతి సమాధి మీదా కొవ్వొత్తులు వెలిగాయి, ఆయన లోపలంతా తిరిగి తీర్థం చల్లాడు, గోడ దగ్గరికి వచ్చి వెనక్కి తిరిగిపోయాడు. వచ్చే ఏడు అన్నాడు. వచ్చే ఏడుకు ఆయన ఉండలేదు, హుజూర్‌నగర్ వైపు బదిలీ అయ్యింది. తర్వాత వచ్చినాయన ఎప్పుడూ భవనం చందాల మీదే ఉండేవాడు. ఆ వెంటనే కరోనా వచ్చి గుళ్లే మూతపడ్డాయి. ఆ మధ్యలో చెల్లెకు ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. ఇద్దరికీ పురుటి స్నానం కూడా కాకముందే జ్ఞానస్నానం చేయించారు. వాళ్ల అత్త దగ్గరుండి చేయించింది.

మొన్నమొన్న వచ్చిన చిన్న స్వామి బుల్లెట్ మీద తిరిగే కుర్రవాడు, ఫోన్‌లో వాక్యం చదువుతాడు. ఆయన దగ్గరికి పోయి మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. ఆయన నవ్వి, అమ్మా, అది ఎప్పుడో తేలిపోయిన విషయం, ఇప్పుడు ఎవరు నమ్ముతున్నారు, దాని మీద ప్రసంగం ఎందుకు అన్నాడు. ఒకాయనకేమో అది చెబితే గుడి కూలిపోయేంత పెద్ద మాట, ఇంకొకాయనకు నోరు తెరవక్కర్లేనంత చిన్న మాట. ఈ ఇద్దరి మధ్యా మా చెల్లె జుట్టు తెల్లబడడం మొదలైంది. జీవితంలో మొదటిసారి ఒక స్వామి ముందు గొంతు పెంచాను. నమ్మేవాళ్లు ఎవరో చూపిస్తాను, మీరు వచ్చి బొందలగడ్డ గోడ అవతల ఒక్క ప్రార్థన చెయ్యండి, ఆ తర్వాత మీ ఇష్టం అన్నాను. ఆయన నా ముఖం చూసి, నవ్వడం ఆపి, శనివారం వస్తానన్నాడు.

శనివారం మేము పోయేసరికి గోడ అవతల చెల్క లేదు. ఏడాదిగా అటు పోలేదు మేము, పోవడానికి ఏముందని. రేగుకంప లేదు, భూమంతా చదును చేసి తెల్లరంగు వేసిన రాతి కడీలు పాతారు, మధ్యలో ఎర్రమట్టి రోడ్లు, ముందర ఒక ఆర్చి, దాని మీద ఏదో వెంచర్ పేరు. స్వామి తెల్ల అంగీ తొడుక్కుంటూ ఎక్కడ అని అడిగాడు. నేను చెల్లె వైపు చూశాను, చెల్లె నేల వైపు చూసింది. నీడలో కూర్చున్న వాచ్‌మన్ లేచి వచ్చాడు.

"ఏ ప్లాటు సూస్తరు సారూ? కార్నరు బిట్లయితె అయిపోయినయి."

చెల్లె గోడలో ఒక పగులును గుర్తుపట్టింది. దానికి ఎదురుగా నడిచి, రోడ్డుకూ కడీకీ మధ్య ఒకచోట ఆగి, ఇక్కడే అంది. అప్పుడు చూశాం, వెనక దాని అత్త కర్ర పట్టుకుని వస్తోంది. ఆమెను ఎవరూ పిలవలేదు. గొడవ చెయ్యడానికే వస్తోందని నేను కొంగు బిగించుకున్నాను.

స్వామి ప్రార్థన మొదలుపెట్టాడు. ఎవరూ గోడ బయట ఉండరని, ఈ బిడ్డ దేవుని చేతుల్లో ఉన్నాడని, ఆ తల్లి మళ్లీ వాణ్ని చూస్తానని ఆశ పెట్టుకోవచ్చని, తేలికైన మాటల్లో, చదవకుండా అన్నాడు. చెల్లె కళ్లు మూసుకోలేదు, ఆయన నోటినే చూస్తూ ఉంది, ఒక్క మాట కూడా జారిపోకుండా పట్టుకోవాలన్నట్టు. పేరు చెప్పమ్మా అన్నాడు స్వామి. చెల్లె చెప్పింది. వాడికి అది మనసులో పెట్టుకున్న పేరు నేను కూడా అప్పుడే విన్నాను.

ఆయన సిలువ గుర్తు వేసి ముగించబోతుండగా వాళ్ల అత్త ముందుకు వచ్చింది.

"స్వామీ, గీడ నాయి గూడ ఇద్దరున్నరు."

మాతో వచ్చిన చెల్లె పెనిమిటి ఆమె కన్న కొడుకే, ఆ మాట జీవితంలో మొదటిసారి విన్నాడు. వాడికి ముందు ఇద్దరట. ఏ పక్కన అని స్వామి అడిగితే, కర్రతో అటూ ఇటూ చూపించి, ఆ కడీలన్నింటి మధ్యా ఎక్కడో ఆమెకే తెలియక కర్ర కింద పెట్టేసింది. పేర్లు అడిగితే, పెట్టలేదంది, పెట్టొద్దన్నారంది. ఇన్నేళ్లూ ఆమె చెల్లెను అన్న మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు అప్పుడు అర్థమయ్యింది, అర్థమైనా కోపం పోలేదు, ఆ కోపం మాత్రం ఆమె మీద నిలవకుండా గోడ మీదికి పోయింది. చెల్లె వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు పెట్టు అత్తా" అంది.

స్వామి ఎండలో తల వంచుకుని ఆగాడు. ఆమె ఒక పేరు చెప్పింది, కాసేపాగి ఇంకొకటి చెప్పింది. ఆయన మొదటి నుంచీ మళ్లీ ప్రార్థన చేశాడు.

ఆ మర్నాడు పూజలో, చందాల ప్రకటనకు ముందు, చిన్న స్వామి ఆ మాట అందరికీ చెప్పాడు. పట్టుమని పది మాటలు కూడా లేవు. కుర్రవాళ్లు ఫోన్లు చూసుకుంటూ ఉన్నారు, వాళ్లకు అది వార్త కాదు. పూజ అయిపోయాక గుడి ఖాళీ అవుతుంటే ముసలమ్మలు కొందరు మాత్రం లేవలేదు. వీళ్లెందుకు లేవడం లేదని నేను వెనక్కి తిరిగి చూశాను. వాళ్లలో ఒకామె మా అమ్మ ఈడుది, నన్ను ఎత్తుకుని పెంచింది, ఆమెకు ఇటువంటి బాధ ఉన్నట్టు నాకు కలలో కూడా తెలియదు. ఒక్కొక్కరే లేచి స్వామి దగ్గరికి పోయి, చెవిలో చెప్పినట్టు ఏదో అడిగారు.

ఇప్పుడు అందరూ నన్ను మెచ్చుకుంటారు, డిగ్రీ చదివినందుకు ఇంత పని చేశావని. నాకైతే సంతోషం సగమే. మంచి మాట ఒకటి ప్రపంచంలో ఎక్కడో ఉంటే, అది నల్లగొండ దాటి మా ఊరికి రావడానికి పదేళ్లు, మా గుడి మెట్టెక్కడానికి ముగ్గురు స్వాములు ఎందుకు పట్టాలి? ఆదివారాలు ఆ ముందు వరుసల్లో కూర్చునే ముసలమ్మలు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. తమ బిడ్డలను మళ్లీ చూస్తామో లేదో ఎవరినీ అడగకుండా, ఎవరూ చెప్పకుండా, వాళ్లలో చాలామంది అప్పటికే గోడ లోపలికి వెళ్లిపోయారు.